విరిగిన ఎముక, చిందిన రక్తము – జాన్ హంటర్ జీవితము

ఎముక విరిగిన చోట నెత్తురు చేరుతుంది, వాపు వస్తుంది, చర్మము కమిలి నల్లబడుతుంది. చెట్టుమీదినుండి పడిన పిల్లవాని చేయి చూచి ఇంటిల్లిపాది బెదరిపోతారు. చెడు నెత్తురు పేరుకొన్నదని, అది పోతేగాని ఎముక అతకదని పెద్దలు అనుకోవడము మనము వినే మాటే. నిజము దీనికి వ్యతిరేకముగా ఉన్నది. లోపల పేరుకొన్న ఆ నెత్తురు గడ్డయే అతుకునకు తొలి పునాది. 1990 ప్రాంతమున ఎలుకలపై జరిపిన పరిశోధనలలో, విరిగిన చోట చేరిన గడ్డను తీసివేసినప్పుడు అతుకు బలహీనపడినట్లు తేలినది. ఈ విషయమును ఇంతకు రెండు వందల యేండ్ల క్రితమే తన కండ్లతో చూచి, చేతులతో పరీక్షించి, చిందిన రక్తము వ్యర్థపదార్థము కాదని లోకమునకు చెప్పినవాడు ఇంగ్లండు దేశపు శస్త్రవైద్యుడు జాన్ హంటర్.

నేడు కొన్ని ఆస్పత్రులలో రోగి రక్తమునే కొంత తీసి, యంత్రములో గిరగిర త్రిప్పి, అందలి ప్లేట్‌లెట్లు అధికముగా గల భాగమును వేరుచేసి, ఎముక అతకని చోట, దవడ ఎముక లోపించిన చోట, పన్ను తీసిన గుంటలో ఉంచుతున్నారు. ప్లేట్‌లెట్లు అనే మాట డెంగీ జ్వరముల పుణ్యమా అని మన పల్లెలకు సైతము తెలిసిపోయినది. కాని వాటికి ఎముకతో గల చుట్టరికము తెలిసినవారు తక్కువ. మేము తెలుగు బోధించువారము. శస్త్రచికిత్స మా విద్య కాదు. అయినను మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులు పాఠ్యగ్రంథములలో హంటర్ పేరు ఒక పంక్తిలో చదివి పుట త్రిప్పడము చూచి, అతని జీవితమును కొంత విపులముగా వ్రాయాలని పూనుకొన్నాము.

హంటర్ క్రీ.శ. 1728 ఫిబ్రవరిలో స్కాట్లండులోని గ్లాస్గో నగరమునకు సమీపమున, లాంగ్ కాల్డర్‌వుడ్ అనే పల్లెలో జన్మించినాడు. పదిమంది సంతానములో కడగొట్టువాడు. తండ్రి వృద్ధుడు, హంటర్‌కు పదమూడేండ్లు నిండిన తరువాత కొద్ది కాలమునకే గతించినాడు. చదువుపై ఈ బాలునికి బొత్తిగా ఆసక్తి లేదు. బడి మానివేసి పొలములవెంట, వాగులవెంట తిరుగుతూ పక్షులను, పురుగులను, చెట్ల ఆకులను గమనించడమే వ్యాపకముగా పెట్టుకొన్నాడు. కొంతకాలము గ్లాస్గోలో బావగారి వడ్రంగి దుకాణములో పనిచేసినాడు. పుస్తకము పట్టని చేతులకు ఉలి, రంపము పట్టుబడినవి. వ్రాతలో అక్షరదోషములు అతనిని జీవితాంతము వదలలేదు. గ్రీకు, లాటిను భాషలు రావని తోటి వైద్యులు ఎద్దేవా చేసేవారు. ఆ లోపమే అతనికి ఒక విధముగా మేలు చేసినదని మా అభిప్రాయము. పూర్వుల గ్రంథములు చదువనివాడు వాటికి దాసుడు కాలేడు గదా!

అన్నగారు విలియం హంటర్ అప్పటికే లండనులో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించే పాఠశాలను నెలకొల్పి పేరు గడించినాడు. 1748లో జాన్ ఇరువదేండ్ల వయస్సున అన్నగారి వద్దకు చేరినాడు. శవములను కోసి, నరములను, రక్తనాళములను విడదీసి, రంగుమైనము ఎక్కించి, విద్యార్థులకు చూపుటకు సిద్ధము చేయడము అతని పని. పదునొకండు చలికాలములు ఈ పనిలోనే గడిచినవి. ఆ చేతి నేర్పు చూచి అన్నగారే ఆశ్చర్యపడినాడు.

ఆ శవములు ఎక్కడివి? ఈ ప్రశ్నను దాటవేయడము న్యాయము కాదు. ఉరితీయబడినవారి దేహములు కొన్ని న్యాయసమ్మతముగా లభించేవి. అవి చాలేవి కావు. మిగిలినవి రాత్రివేళ సమాధులు త్రవ్వి తెచ్చినవి. తెచ్చువారితో బేరసారములు జరుపడము తమ్ముని వంతు. సమాధికి కాపలా పెట్టుకొనే స్తోమత లేని పేదల దేహములే ఎక్కువగా ఆ బల్లలమీదికి వచ్చినవి. వారి కుటుంబముల అనుమతి ఎవరూ అడుగలేదు. శరీరశాస్త్రము నేడు ఎంత ఎత్తునకు ఎదిగినను దాని పునాదిలో ఈ అన్యాయము ఉన్నది.

లండను చేరిన కొలది కాలములోనే హంటర్ వేసవులలో చెల్సీ ఆస్పత్రిలో విలియం చెసెల్డెన్ అనే ప్రఖ్యాత శస్త్రవైద్యుని వద్ద శిష్యరికము చేసినాడు. చెసెల్డెన్ గూర్చి మన ప్రాంతమువారికి ఆసక్తి కలిగించే ముచ్చట ఒకటున్నది. అతడు బడిలో చదువుకొనే రోజులలో చేయి విరిగితే లీస్టర్ పట్టణములోని ఒక కట్టువైద్యుడు గోధుమపిండిలో కోడిగ్రుడ్డు తెల్లసొన కలిపి గుడ్డకు పట్టించి కట్టు కట్టినాడు. ఆ కట్టు ఆరి గట్టిపడి ఎముకను కదలనీయలేదు. చెసెల్డెన్ పెద్ద వైద్యుడైన పిమ్మట ఆ పద్ధతినే తన రోగులకు వాడి, దానిని గ్రంథస్థము చేసినాడు. మన చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టు గూర్చి వినని తెలుగువారుండరు. అక్కడను వెదురు బద్దలు, ఆకు పసరు, గ్రుడ్డు సొన వాడతారు. విరిగిన ఎముకను కదలకుండ ఉంచితే అది తనంతట తానే అతుకుతుందని ఇరుదేశముల కట్టువైద్యులకు అనుభవముచేత తెలుసు. అతికించునది ఏది అన్న ప్రశ్నను మాత్రము వారు వేసుకోలేదు.

ఆ ప్రశ్న వేసిన పండితులు లేకపోలేదు. విరిగిన ఎముక కొనలనుండి జిగురువంటి రసము ఊరి గట్టిపడుతుందని హాలర్ మొదలగువారు తలచినారు. ఎముకను కప్పియున్న పొరయే ఉబ్బి ఎముకగా మారుతుందని ఫ్రాన్సు దేశీయుడైన దుహామెల్ వాదించినాడు. చిందిన రక్తమునకు ఈ వాదములలో చోటు లేదు. దానికి చోటు దొరకుటకు ముందు హంటర్ యుద్ధభూమిని చూడవలసి వచ్చినది.

1760లో అతడు సైన్యములో శస్త్రవైద్యుడుగా చేరినాడు. మరుసటి యేడు ఇంగ్లీషు సేనలు ఫ్రాన్సు పడమటి తీరమున గల బెల్ ఈల్ అనే దీవిని ముట్టడించినవి. తుపాకి దెబ్బ తగిలితే గాయమును కత్తితో పెద్దదిచేసి, వ్రేళ్ళు పెట్టి వెదకి, గుండును బయటికి లాగడము నాటి వైద్యుల ఆచారము. గడ్డకట్టిన నెత్తురంతా ఆ కెలుకుడుతో కొట్టుకొనిపోయేది. మురికి వ్రేళ్ళనుండి విషము లోనికి ప్రవేశించేది. కొందరు ఫ్రెంచి సైనికులు గాయపడి ఒక పాడుపడిన ఇంటిలో దాగి, రోజుల తరబడి ఏ వైద్యుని కంట పడకుండా ఉండిపోయినారు. పట్టుబడిన తరువాత చూస్తే వారి గాయములు, వైద్యుల చేతిలో పడినవారి గాయములకంటె చక్కగా మానుతున్నవి. అనవసరముగా గాయమును కెలుకరాదని హంటర్ అప్పుడు నిశ్చయించుకొన్నాడు. తోటి వైద్యులు ఈ మాటను మెచ్చుకోలేదని వేరుగా చెప్పనక్కరలేదు.

1763లో లండనుకు తిరిగి వచ్చేసరికి అన్నగారి పాఠశాలలో అతని స్థానము విలియం హ్యూసన్ అనే యువకునికి దక్కినది. బ్రదుకుతెరువు కొఱకు హంటర్ కొంతకాలము దంతవైద్యునితో కలిసి పనిచేసినాడు. శస్త్రవైద్యునికి ఇది చిన్నతనముగా తోచే వృత్తి. కాని మా కథకు ఇది కీలకము. పన్ను ఊడబెరికిన గుంటలో నెత్తురు నిండి గడ్డకట్టడము, కొన్ని వారములలో ఆ గుంట పూడి, నెలలు గడిచేసరికి ఎముక ఏర్పడడము మానవశరీరములో ఎముక మానుదలను దగ్గరగా చూడదగిన తావు. ఆ గడ్డ ఊడిపోతే గుంట ఎండి భరింపరాని నొప్పి కలుగుతుంది. నేటి దంతవైద్యులు పన్ను తీసిన దినమున పుక్కిలింపవద్దని హెచ్చరించడము ఇందుకే.

ఈ దినములలోనే హంటర్ ఒక విచిత్ర ప్రయోగము చేసినాడు. అప్పుడే ఊడబెరికిన మనిషి పంటిని కోడిపుంజు నెత్తిమీది ఎర్రని తురాయిలో గ్రుచ్చి పెట్టినాడు. కొన్ని మాసముల తరువాత పుంజును చంపి, దాని రక్తనాళములలో రంగుమైనము ఎక్కించి కోసి చూచినాడు. పుంజు రక్తనాళములు మనిషి పంటి నడుమ నుండే మెత్తని భాగములోనికి ప్రాకియున్నవి. రక్తము అందిన చోట తెగిన అవయవము సైతము బ్రదుకుతుందనుటకు అతనికి ఇది నిదర్శనమైనది. ఇలాంటి ప్రయోగములు చాలవరకు ఫలించలేదని అతడే ఒప్పుకొన్నాడు.

ఈ ప్రయోగముయొక్క రెండవ ముఖము అంత ముచ్చటైనది కాదు. హంటర్ వ్రాతల బలముతో లండను సంపన్నులు తమ పుచ్చిపోయిన పండ్లు తీయించుకొని, పేద పిల్లలకు కాసులు పారవేసి వారి పచ్చి పండ్లు ఊడబెరికించి తమ నోట నాటించుకొనే వేలంవెర్రి బయలుదేరినది. 1787లో రోలండ్‌సన్ అనే చిత్రకారుడు దీనిని ఎత్తిపొడుస్తూ వ్యంగ్యచిత్రము గీసినాడు. నాటిన పండ్లు నిలువలేదు. వాటితోపాటు సుఖవ్యాధులు మాత్రము నోటినుండి నోటికి వ్యాపించినవి. పిల్లల నోళ్ళు బోసిపోయినవి. వేరొకరి శరీరమునుండి తీసినదానికంటె రోగి రక్తమునే రోగికి వాడడము ఎందుకు మేలో ఈ ఉదంతము చెప్పకనే చెబుతున్నది.

ఇక ఎముక గూర్చి హంటర్ చేసిన పరిశోధనకు వద్దాము. దీనికి దారి చూపినది రంగుల అద్దకము. 1736లో లండను శస్త్రవైద్యుడు జాన్ బెల్చియర్ ఒక చీటీగుడ్డల అద్దకపువాని ఇంట విందునకు వెళ్ళినాడు. వడ్డించిన పందిమాంసములో ఎముకలు ఎర్రగా ఉన్నవి. ఏమని విచారిస్తే, మంజిష్ఠ వేరు రంగు తొట్లలో వాడిన తవుడును ఆ పందులకు మేతగా వేస్తున్నారని తెలిసినది. ఆ రంగు శరీరములో కొత్తగా ఏర్పడే ఎముకను మాత్రమే పట్టుకొంటుంది. మేత మాన్పిన తరువాత ఏర్పడే ఎముక తెల్లగా ఉంటుంది. మన బందరు కలంకారీ అద్దకమువారు తరతరములుగా వాడిన చిరివేరులోని ఎరుపు, ఐరోపా మంజిష్ఠలోని ఎరుపు ఒకే పదార్థము – అలిజరిన్. బందరు రేవునుండి ఓడలలో వెళ్ళిన చీటీగుడ్డలను చూచి వాటిని అనుకరించబోయిన లండను అద్దకపువారి తొట్టిలోనుండి ఎముకల శాస్త్రమునకు ఒక సాధనము లభించడము మాకు వింతగా, కొంత గర్వముగా కూడ తోచినది.

హంటర్ పందిపిల్లలకు కొన్నాళ్ళు మంజిష్ఠ మేత పెట్టి, కొన్నాళ్ళు మాన్పి, వాటి ఎముకలను కోసి చూచినాడు. ఎరుపు, తెలుపు పొరలు వెలుపల ఒకదానిపై ఒకటి చేరుతుండగా, లోపలివైపు పాత ఎముక కరగిపోతున్నది. కట్టడము, కూల్చడము నిరంతరము జరిగే చోటు ఎముక అన్నమాట. మరొక ప్రయోగములో చిన్న పంది కాలి ఎముకలో రెండు సీసపు గుండ్లను, వాటి నడిమి దూరమును కొలిచి మరీ, అమర్చినాడు. పంది పెద్దదైన తరువాత చూస్తే ఎముక ఎంతో పొడుగు సాగినది. గుండ్ల నడిమి దూరము మాత్రము మారలేదు. ఎముక రబ్బరువలె సాగదు, కొనలవద్ద కొత్త ఎముక చేరి పెరుగుతుందని దీనితో తేలిపోయినది. ఎముక రాయివంటి జడపదార్థమని తలచినవారికి ఇది గొప్ప సమాధానము.

నలుబదేండ్లకు దగ్గరపడిన వయస్సున హంటర్‌కే ఒక ప్రమాదము జరిగినది. నాట్యము చేస్తుండగా మడమ వెనుక నుండే బలమైన నరము పుటుక్కున తెగినది. వేరొకరైతే మంచమెక్కి మూలిగేవారు. ఇతడు కాలికి కట్టు కట్టుకొని, కుక్కల మడమ నరములను చర్మము తెగకుండా లోలోపల కోసి, వేరువేరు దినములలో వాటిని పరీక్షించి, తెగిన కొనల నడుమ ఏమి జరుగుతున్నదో చూచినాడు. విరిగిన ఎముక అతికే తీరుననే తెగిన నరము సైతము అతుకుతుందని గ్రహించినాడు. ఆ కుక్కలను తలచుకొంటే మనస్సు చివుక్కుమంటుంది. మత్తుమందు అనేది లేని కాలము అది.

ఈ లోపల రక్తము గూర్చి మరొక దిక్కునుండి వెలుగు వచ్చినది. పైన చెప్పిన హ్యూసన్, నెత్తురు గడ్డకట్టడానికి కారణము అందలి ఎర్రని కణములు కావని, అవి తేలియాడే పారదర్శక ద్రవములోనే ఆ గుణమున్నదని 1771లో ప్రకటించినాడు. లవణములు కలిపి రక్తమును గడ్డకట్టనీయకుండ ఆపి, ఎర్రని భాగము అడుగునకు దిగిన పిమ్మట పైనున్న తేట ద్రవమును వేరుగా తీసి, అది ఒక్కటే గడ్డకట్టగలదని చూపినాడు. నేటి ప్రయోగశాలలో యంత్రము త్రిప్పి చేసే పనికి ఇది మూలరూపము. హ్యూసన్ 1774లో శవమును కోస్తూ గాయపడి, ఆ విషము సోకి ముప్పది నాలుగేండ్ల వయస్సుననే కన్నుమూసినాడు. ఇంకొంతకాలము బ్రదికియుంటే హంటర్ కీర్తిలో సగపాలు అతనిదై యుండేది.

హంటర్ సిద్ధాంతము ఇట్లున్నది. రక్తము జీవము గల పదార్థము. గడ్డకట్టడము దాని చావు కాదు, జీవవ్యాపారమే. చర్మము చెడకుండ లోపల ఎముక విరిగినప్పుడు కొనల నడుమ నెత్తురు చింది గడ్డకడుతుంది. ప్రక్కనున్న రక్తనాళములు ఆ గడ్డలోనికి చిగుళ్ళు వేస్తాయి. గడ్డ క్రమముగా మాంసమువలె, పిమ్మట మెత్తని మృదులాస్థివలె, తుదకు ఎముకవలె పరిణమిస్తుంది. చర్మము చీలి గాలి తగిలితే ఈ వరుస చెడిపోయి చీము పడుతుంది. శవపరీక్షలలో రంగుమైనము ఎక్కించి, గడ్డలలోనికి నాళములు ప్రాకడమును అతడు చూచినాడు. కోడిగ్రుడ్డులో పిల్ల ఏర్పడే వరుసను దినదినము గమనించి, తొలినాళ్ళలోనే నెత్తురు కనబడడమును తన వాదమునకు బలముగా చూపినాడు. మన తెలుగువారు రక్తసంబంధమన్నా, ఉర్దూ సోదరులు ఖూన్ కా రిష్తా అన్నా, నెత్తురులో ప్రాణమున్నదనే భావము ఆ మాటల అడుగున ఉన్నదే. కవులకు అది అలంకారము. హంటర్ దానిని కత్తికి, మైనమునకు లోబరచి పరీక్షకు పెట్టినాడు.

ఇందులో ఎంత నిజము, ఎంత పొరపాటు? గడ్డయే ఎముకగా మారుతుందనడము పొరపాటు. గడ్డలోని ఫైబ్రిన్ అనే నూలుపోగుల వల ఒక పందిరివంటిది. ఎముకపై పొరనుండి, మూలుగనుండి వచ్చే కణములు ఆ పందిరిపై ప్రాకి ఎముకను కడతాయి. పని పూర్తియైన కొద్దీ పందిరి కరగిపోతుంది. కనుక దుహామెల్ చెప్పిన పొరకును పాత్రయున్నది. కాని ఆ కణములను పిలిచేదెవరు? 1882లో బిజ్జొజెరో అనే ఇటలీ వైద్యుడు వివరించిన ప్లేట్‌లెట్లు గడ్డలో చిక్కుకొని పగిలినప్పుడు కణములను పెంచే పదార్థములు వెలువడతాయి. ఈ సంగతి 1974లో బయటపడినది. ఆ పదార్థములు అందిన తావునకు కణములు చేరి రెట్టింపుగా పెరుగుతాయి, కొత్త రక్తనాళములు పుడతాయి. కొన్ని వారములలో మెత్తని అతుకు, మరికొన్ని వారములలో గట్టి అతుకు, పిమ్మట నెలలు, సంవత్సరముల తరబడి చెక్కుడు పని. పందిరివద్దకు కణములను పిలిచేది నెత్తురే. సూక్ష్మదర్శినిపై అంతగా ఆధారపడని హంటర్ ఇంతవరకు ఊహించగలగడమే ఆశ్చర్యము.

ఇంత చెప్పినవాడు రోగుల నెత్తురు తీయించడము మానలేదు. జ్వరమునకు, వాపునకు నరము కోసి రక్తము కార్చడము నాటి సర్వసాధారణ చికిత్స. హంటర్ కూడ దానిని ఆచరించినాడు. రక్తము జీవమని నమ్మిన చేయియే దానిని గిన్నెలకొలది పారబోసినది. గొప్పవారు సైతము తమ కాలపు గోడలను అన్ని వైపుల బ్రద్దలు కొట్టలేరు.

బయటి ప్రపంచములో అతని ఉన్నతి వేగముగా సాగినది. 1767లో రాయల్ సొసైటీ సభ్యుడు, 1768లో సెయింట్ జార్జి ఆస్పత్రి శస్త్రవైద్యుడు, 1776లో రాజుగారి శస్త్రవైద్యులలో ఒకడు, 1790లో సైన్యమునకు సర్జన్ జనరల్. మశూచికి టీకా కనుగొన్న ఎడ్వర్డ్ జెన్నర్ అతని ఇంటనే ఉండి చదువుకొన్న శిష్యుడు. 1771లో వివాహమాడిన ఆన్ హోమ్ కవయిత్రి. ఆమె గీతములకు హైడన్ మహాశయుడు స్వరములు కూర్చినాడు. ఒకే ఇంటిలో ముందు గదిలో సంగీతగోష్ఠి, వెనుక గదిలో శవపరీక్ష! ఆ యిల్లాలి ఓర్పు గూర్చి ఎవరైనా ప్రత్యేకముగా వ్రాయదగును.

1783లో ఐర్లండుకు చెందిన చార్లెస్ బర్న్ అనే అతికాయుడు ఇరువది రెండేండ్లకే లండనులో మరణించినాడు. ఏడున్నర అడుగులకు మించిన మనిషి. తన దేహము శస్త్రవైద్యుల చేత పడరాదని, సముద్రములో పాతరవేయవలెనని వేడుకొన్నాడు. హంటర్ లంచమిచ్చి ఆ శవమును దక్కించుకొని, ఎముకల గూటిని తన ప్రదర్శనశాలలో నిలిపినాడు. ఎముక ఎట్లు పెరుగునో తెలిసికొనవలెనన్న తపన ఎంత గొప్పదైనను, చనిపోవువాని కడసారి కోరికను త్రొక్కివేయడమును మేము సమర్థింపలేము.

హంటర్‌కు గుండెజబ్బు ఉండేది. ఆగ్రహము తన ప్రాణమునకు ముప్పని అతనికి తెలుసు. కాని ఆగ్రహమును అణచుకోలేకపోయేవాడు. 1793 అక్టోబరు 16న సెయింట్ జార్జి ఆస్పత్రి సమావేశములో విద్యార్థుల ప్రవేశము గూర్చి వాగ్వాదము జరిగినది. మాటను అడ్డగించగా కోపము ఆపుకొని ప్రక్క గదిలోనికి వెళ్ళి అక్కడనే కూలిపోయినాడు. అప్పటికి అరువది అయిదేండ్లు. రక్తము, వాపు, తుపాకి గాయములను గూర్చిన అతని మహాగ్రంథము మరుసటి యేడు 1794లో వెలువడినది. యుద్ధభూమిలో చూచినది అచ్చుకెక్కడానికి ముప్పది యేండ్లకు పైగా పట్టినది.

మిగిలిన ఆస్తి అప్పులకే సరిపోయినది. పదునాలుగు వేలకు మించిన నమూనాలు మాత్రము ఉన్నవి. విలియం క్లిఫ్ట్ అనే పేద శిష్యుడు అరకొర జీతముపై వాటిని కంటికి రెప్పవలె కాపాడినాడు. 1799లో ప్రభుత్వము 15,000 పౌండ్లకు వాటిని కొని శస్త్రవైద్యుల సంఘమునకు అప్పగించినది. వ్రాతప్రతులకు ఆ భాగ్యము పట్టలేదు. హంటర్ బావమరది ఎవరార్డ్ హోమ్ వాటిని తన ఇంటికి తరలించి, అందలి విషయములతో తన పేర వ్యాసములు ప్రకటించుకొని, 1823లో వాటిని తగులబెట్టినాడు. ముందుచూపుతో క్లిఫ్ట్ రహస్యముగా ప్రతి వ్రాసి ఉంచుకొన్న భాగమే నేడు మనకు మిగిలినది. ఎముకలపై అతడు వ్రాసిపెట్టుకొన్న పుటలు ఎన్ని బూడిదయైనవో!

హంటర్ పుట్టిన సీమలోనే, గ్లాస్గో ఆస్పత్రిలో, 1865లో జోసెఫ్ లిస్టర్ అనే శస్త్రవైద్యుడు బండి చక్రము క్రిందపడి కాలు విరిగిన పదునొకండేండ్ల బాలునికి కార్బాలిక్ ఆమ్లములో తడిపిన కట్టు కట్టినాడు. ఎముక చర్మమును చీల్చి బయటపడితే కాలు తీసివేయడమే గతియైన రోజులవి. ఆ బాలుని కాలు ఆరు వారములలో అతికినది. క్రుళ్ళిపోనీయకుండ కాపాడితే నెత్తురు గడ్డ జీవకణజాలముగా మారుతుందని లిస్టర్ గమనించి వ్రాసినాడు. గాలి తగిలితే అతుకు వరుస చెడుతుందని హంటర్ అన్నాడు గదా. చెరిచేది గాలి కాదు, సూక్ష్మజీవులని ఇప్పుడు తేలినది.

ఆ తరువాతి కథను క్లుప్తముగా చెబుతాము. 1909లో బెర్గెల్ అనే జర్మను వైద్యుడు రక్తమునుండి తీసిన ఫైబ్రిన్ పొడిని నెత్తురు కట్టించడానికి వాడినాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలములో ప్లాస్మాను భాగములుగా విడదీసే విద్య అమెరికాలో వృద్ధిచెందినది. 1998లో మయామీ విశ్వవిద్యాలయపు వైద్యుడు రాబర్ట్ మార్క్స్, దవడ ఎముక లోపించిన 88 సందర్భములలో ఎముక నాటేటప్పుడు, కొన్నింటిలో రోగి ప్లేట్‌లెట్ల సారమును కలిపి, అట్టి చోట ఎముక త్వరగా, దట్టముగా ఏర్పడినదని ప్రకటించినాడు. 2001లో ఫ్రాన్సులో షుక్రూన్ అనే వైద్యుడు ఏ మందూ కలుపక రక్తమును వెంటనే త్రిప్పి, జిగురు పొరవంటి ఫైబ్రిన్ గడ్డను తీసే సులభ మార్గము కనుగొన్నాడు. పన్ను తీసిన గుంటలలో దీనిని ఎక్కువగా వాడుతున్నారు.

అయితే చేయి, కాలి పొడుగు ఎముకల విషయములో ఈ చికిత్స మేలు చేయుననుటకు చాలిన ఆధారము లేదని 2012లో వెలువడిన కాక్రేన్ సమీక్ష తేల్చినది. వారికి దొరికిన సరియైన పరిశోధన ఒక్కటే, అదియు కొద్దిమంది రోగులపై జరిగినది. తరువాతి పరిశోధనల ఫలితములును ఒక్క తీరుగా లేవు. త్రిప్పే వేగము, తీసే పద్ధతి, ప్లేట్‌లెట్ల సంఖ్య చోటుచోటునకు మారడము ఇందుకు ఒక కారణము. మన నగరములలో సైతము మోకాళ్ళకు, జుట్టునకు, ఎముకలకు అన్నింటికి ఇదే సంజీవని అన్నట్లు ప్రకటనలు కనబడుతున్నవి. మధ్యతరగతి కుటుంబము కూడబెట్టుకొన్న సొమ్ము ఈ సూదులకు ఖర్చగుచున్న వేళ, ఏ రోగమునకు ఎంత ఆధారమున్నదని వైద్యుని అడుగుటకు వెనుదీయరాదని మా విద్యార్థులకు చెబుతాము. పరీక్షించి చూడనిదే ఏ మాటను నమ్మనివాని పేరు చెప్పుకొని పరీక్షింపని వస్తువును అమ్ముకోవడము చిత్రముగా ఉన్నది.

1859లో హంటర్ భౌతికశేషములను వెలికితీసి లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఖననము చేసినారు. 1941 మే నెలలో జర్మను బాంబుదాడికి అతని నమూనాలు అధికభాగము ధ్వంసమైనవి. సుమారు మూడున్నర వేలు మాత్రము మిగిలినవి. కొన్నేండ్లు మూతబడిన ఆ ప్రదర్శనశాల 2023 మే నెలలో తిరిగి తెరువబడినప్పుడు చార్లెస్ బర్న్ అస్థిపంజరమును ప్రదర్శననుండి తొలగించినారు. సముద్రములో పాతరవేయవలెనన్న అతని కోరిక మాత్రము ఇంకను తీరలేదు. కోడిపుంజు తలయు, దాని తురాయిలో నాటుకొన్న మనిషి పన్నును ఆ సంగ్రహములో నేటికి భద్రముగా ఉన్నవి.